ఏదో పొరపాటు జరిగిందట!

కంప్యూటర్లు ఇంతవరకు మనుషులతో అన్న మాటల్లో అత్యంత సురక్షితమైనది ఒకటుంది: 'ఏదో పొరపాటు జరిగింది.' దీన్ని ఎవరూ ఖండించలేరు. ఏ కోర్టుకు వెళ్లినా నిలబడుతుంది. ఎక్కడ జరిగింది, ఎందుకు జరిగింది, ఇప్పుడేం చేయాలి అనే అల్పమైన ప్రశ్నల జోలికి అది పోదు. దాని కింద 'మళ్లీ ప్రయత్నించండి' అని ఒక బటన్. ఏం మార్చి ప్రయత్నించాలో చెప్పదు కాబట్టి మనం ఏమీ మార్చకుండానే నొక్కుతాం. అదీ ఏమీ మార్చకుండానే జవాబిస్తుంది.

విండోస్‌కు బదులు వాడుకునే లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడానికి బొమ్మలూ బటన్లూ ఉన్న స్టోర్లు కట్టే మేధావులు ఇన్నేళ్లు చేసిన తపస్సుకు దక్కిన ఫలం ఈ వాక్యం. వాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. (అదే నా ఉద్దేశం, కానీ వ్యాసం మొదట్లోనే ఒప్పుకోకూడదు.)

ఈమధ్య మా అనంతపురం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ఆ వాక్యం ఒక వరస కంప్యూటర్లన్నిటి మీదా ఒకేసారి వెలిసింది. సీ ప్రోగ్రామింగ్ క్లాసు. లైసెన్సులకు డబ్బుల్లేవు కాబట్టి ఉచితంగా దొరికే లినక్స్ రకం ఉబుంటు. సీ ప్రోగ్రాం నడవాలంటే దాన్ని మెషీన్ భాషలోకి మార్చే జీసీసీ కావాలి కదా, పిల్లలు బుద్ధిగా స్టోర్ తెరిచి ఆ మూడక్షరాలూ కొట్టారు. ఆటలున్నాయి, పాటలున్నాయి, ఫోటోలకు మీసాలు పెట్టేవి కూడా ఉన్నాయి. వాళ్లకు కావలసిన జీసీసీ మాత్రం కనిపించలేదు. ఎందుకంటే దానికి ఐకాన్ లేదు. నవ్వకండి, అసలు కారణం దాదాపు అదే. ఈ స్టోర్లు ఆప్‌స్ట్రీమ్ అనే వివరాల చిట్టా చూసి సరుకు పేరుస్తాయి. మెనూలో పేరూ బొమ్మా ఉండే అప్లికేషన్లకే ఆ చిట్టాలో పెద్దపీట. 1987లో పుట్టి, సాక్షాత్తూ లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌నే కంపైల్ చేస్తున్న జీసీసీకి ముఖం లేదు కాబట్టి గేటు దగ్గరే ఆపేశారు.

సరే, సీ ప్రోగ్రాములు రాసుకునే కోడ్‌బ్లాక్స్‌కు ముఖం ఉంది, దాన్ని ఎక్కిద్దామని ఇన్‌స్టాల్ నొక్కారు. అప్పుడు వెలిసింది మన మహావాక్యం.

జరిగిందేమిటంటే, పొద్దున మెషీన్లు ఆన్ చేయగానే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే నౌకరు లేచి, ఎవరికీ చెప్పకుండా సెక్యూరిటీ అప్‌డేట్లు ఎక్కించే పనిలో పడ్డాడు. ప్యాకేజీల, అంటే ఎక్కించే సాఫ్ట్‌వేర్ మూటల, తాళం అతని దగ్గరుంది. ఒకరు పని చేస్తుండగా ఇంకొకరు చేయిపెట్టకూడదని ఆ మూటలు ఎక్కించే డీపీకేజీ పెట్టుకున్న నియమం అది, మంచి నియమమే. అడుగున ఉండి మూటలు తెచ్చిపెట్టే ఆప్ట్‌ను నేరుగా అడిగితే తాళం ఎవరి దగ్గరుందో ప్రాసెస్ నంబరుతో, పేరుతో సహా చెబుతుంది. ఐదు నిమిషాలు ఆగితే తీరిపోయే సంగతి. అంటే నిజం అడుగు నుంచి భద్రంగా పైదాకా వచ్చింది. స్టోర్ దాన్ని అందుకుంది, చదివింది, చించేసింది. తర్వాత వినయంగా ఏదో పొరపాటు జరిగిందని విన్నవించుకుంది.

ఈ తర్కం ఎంత గొప్పదో తెలియాలంటే టవర్ క్లాక్ దగ్గర ఒక ఉగ్గాని హోటల్‌ను వీళ్లకు అప్పగించి చూడాలి. మొట్టమొదట వంటగది కనపడకుండా గోడ కట్టేస్తారు. పొగ, చెమట, మరుగుతున్న నూనె చూస్తే కస్టమర్ బెదిరిపోతాడట. గోడకు మూలలు గుండ్రంగా నునుపుచేసిన ఒక కిటికీ. పక్కన ఉగ్గాని ఫోటో, నాలుగున్నర నక్షత్రాలు, 'ఎడిటర్ల ఎంపిక' అని ఒక పట్టీ. మీరు వెళ్లి, "ఏమప్పా, ఒక ప్లేట్ ఉగ్గాని, రెండు బజ్జీలు" అంటారు. కిటికీలో ఒక నీలం గీత కదులుతుంది. తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగుతుంది. మీరూ ఆగుతారు. మీరు ఎక్కాల్సిన ధర్మవరం బస్సు మాత్రం ఆగదు.

"ఏదో పొరపాటు జరిగింది."

"బొరుగులు అయిపోయినాయా?"

"ఏదో పొరపాటు జరిగింది."

"గ్యాస్ అయిపోయిందా?"

"మళ్లీ ప్రయత్నించండి."

లోపల వంటమాస్టర్ గొంతు చించుకుంటున్నాడు: "బాణలి ఇంకా తోముతున్నారు, ఐదు నిమిషాలు ఆగమని చెప్పప్పా!" గోడ మందం, వినపడదు. కస్టమర్ మనశ్శాంతి కోసమే అంత మందంగా కట్టారు. ఇంతలో క్యూలో వెనక నుంచి ఒక గడ్డం పెద్దమనిషి జాలిగా నవ్వుతాడు. "కిటికీ దగ్గర ఎవరన్నా అడుగుతారా? సందులోంచి వెనక తలుపు దగ్గరికి పోయి సుడో అను, ఓనరు అధికారం ఇచ్చే మాట అది, రానిస్తారు. నువ్వే వండుకోవచ్చు." మరి ఈ కిటికీ ఎందుకు పెట్టారని అడిగితే, "కొత్తవాళ్ల కోసం" అంటాడు.

రెండోరోజు పద్ధతి మారుతుంది. బజ్జీ అడిగితే దాంతోపాటు దాని సొంత పొయ్యి, సొంత బాణలి, సొంత సిలిండర్ కట్టిస్తారు, ఏ ఊళ్లో తిన్నా ఒకే రుచి రావాలని. సాఫ్ట్‌వేర్‌ను ఇలా సొంత సామానుతో సహా కట్టివ్వడాన్నే స్నాప్ అనీ, ఫ్లాట్‌ప్యాక్ అనీ అంటారు. మా ఇంట్లో పొయ్యి ఉంది స్వామీ అన్నా వినరు. స్నాప్ బజ్జీ అయితే ఇంకో సదుపాయం, దాని మనిషి రోజుకు నాలుగుసార్లు మీ ఇంటికొచ్చి కొత్త బజ్జీ అవసరమా అని చూసిపోతాడు.

ఇక వెనక తలుపు దారి పట్టినవాడికి ఒక కాగితం ఇస్తారు: 'మీకు బజ్జీ ఇవ్వాలంటే పొయ్యి, కప్పు, ఓనరు, ఈ మూడూ తీసేయాలి. సమ్మతమైతే, సరే చెప్పినట్టు చెయ్యి అని రాయండి.' ఆకలి మీదున్నవాడు రాస్తాడు. నేను కోతలు కోస్తున్నాననుకుంటే 2021 నవంబర్‌లో కెనడా యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పెట్టిన వీడియో చూడండి. పాప్ ఓఎస్ అనే లినక్స్ రకంలో ఆటల ప్రోగ్రాం స్టీమ్ ఎక్కిద్దామని స్టోర్‌లో ఇన్‌స్టాల్ నొక్కాడు, కాలేదు. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లోకి, అంటే ఆ వెనక తలుపులోకి, వెళ్లాడు. హెచ్చరిక వచ్చింది, అడిగిన వాక్యం టైప్ చేశాడు, డెస్క్‌టాప్ మొత్తం పోయింది. హెచ్చరిక చదువుకోవద్దా అని లోకమంతా అతణ్ని తిట్టింది. టెర్మినల్‌కు తరిమిన స్టోర్‌ను తిట్టినవాళ్లు తక్కువ.

పోనీ, కొత్త రంగం, నేర్చుకుంటున్నారు అందామా? ఉబుంటు 2009లో సాఫ్ట్‌వేర్ సెంటర్ తెచ్చింది. అది నాలుగడుగులు వేసేలోపు 2016లో, 16.04 వెర్షన్‌తో, దాన్ని సాగనంపి గ్నోమ్ సాఫ్ట్‌వేర్ అనే ఇంకో స్టోర్‌ను కూర్చోబెట్టింది. విడుదలైన రోజున అందులో బయటినుంచి తెచ్చుకున్న డెబ్ ఫైలు, అంటే ఉబుంటు ప్యాకేజీ మూట, ఎక్కలేదు. గోల జరిగాక సరిచేశారు. 2020లో స్నాప్ స్టోర్. 2023లో మొత్తం ఫ్లట్టర్ అనే టూల్‌కిట్‌తో తిరగరాసి యాప్ సెంటర్ అన్నారు. 2024లో 24.04 విడుదలైంది, డెబ్ ఫైలు ఎక్కలేదు. గోల జరిగాక సరిచేశారు. ఎనిమిదేళ్ల తర్వాత అదే గుంత దగ్గరికి వెతుక్కుంటూ వెళ్లి అందులోనే పడటానికి చాలా నిబద్ధత కావాలి. పాతదానికి మరమ్మతు చేస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు, కొత్తదానికైతే స్క్రీన్‌షాట్లు వేసుకోవచ్చు.

ఇదంతా నాకు నవ్వులాటే, ల్యాబ్‌లో మూడో వరసలో కూర్చున్న ఆ అమ్మాయిని చూసేదాకా. కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి వస్తుంది, ఇంట్లో కంప్యూటర్ లేదు. తెర మీద ఆ వాక్యం రాగానే మౌస్ మీది చెయ్యి చటుక్కున తీసేసి ఒళ్లో పెట్టుకుంది. "సార్, నేనేం చేయలేదు సార్" అంది.

ఎవరు నేర్పారు ఆ పిల్లకు ఆ భయం? అయ్యా డిజైనర్లూ, మీ వాక్యంలో కర్త లేదు. కర్త లేని తప్పు ఎవరి మీద పడుతుందో మీకు తెలియదా? కుర్చీలో కూర్చున్నవాళ్ల మీద పడుతుంది. ఇంగ్లీషు వచ్చి, ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌లున్న బెంగుళూరు పిల్లాడు మీ డబ్బాను చూసి నవ్వుకుని టెర్మినల్ తెరుస్తాడు. ఈ పిల్ల మాత్రం 'నాకు కంప్యూటర్ రాదు' అని తీర్మానించుకుంటుంది. టెర్మినల్ కష్టం, కొత్తవాళ్లు భయపడతారు, వాళ్ల కోసమే ఈ స్టోర్ అని మీరే చెప్పారు. ఆ కొత్తవాళ్లకే అబద్ధం చెబుతున్నారు! 'వేరే అప్‌డేట్ జరుగుతోంది, అది అయ్యాక మొదలవుతుంది.' ఇది రాయడానికి ఎంత ఖర్చవుతుంది? తాళం ఎవరి దగ్గరుందో కింద నుంచి అందుతూనే ఉంది కదా, దాన్ని దాచడానికి పడ్డ కష్టంలో సగం పెట్టినా చూపించేవాళ్లు. చదువుకునే పిల్లకు కారణం అర్థం కాదని మీకు చెప్పిందెవరు? కరువు సీమలో బోరు ఎన్ని అడుగులకు పడుతుందో లెక్కగట్టే ఇంటి పిల్ల అది. కారణం చెబితే ఆగుతుంది. చెప్పకపోతేనే భయపడుతుంది.

సరే. ఆ ల్యాబ్‌లో చివరికి పని నడిపించింది సినాప్టిక్. 2001లో బ్రెజిల్‌లోని కొనెక్టివా అనే కంపెనీలో మొదలైన, ప్యాకేజీలు ఎక్కించే ముసలి ప్రోగ్రాం. 2011లో 11.10తో ఉబుంటు దాన్ని డిఫాల్ట్ జాబితా నుంచి తీసేసింది. మింట్ అనే ఇంకో లినక్స్ రకం వాళ్లు మాత్రం ఇంకా ఇంట్లోనే ఉంచుకున్నారు, ఆ ఒక్క మంచిబుద్ధికి వాళ్లకు నా దగ్గర కొన్ని పాపాలు మాఫీ. సినాప్టిక్‌లో ఐకాన్ లేని జీసీసీ కూడా కనిపిస్తుంది. దేనికి ఏది కావాలో, ఎంత సైజో, ఏది పోతుందో నొక్కకముందే జాబితా వేసి చూపిస్తుంది. ఇంకో విద్య కూడా ఉంది. కాలేజీలో నెట్ అంటే లెక్చరర్ ఫోన్ హాట్‌స్పాటే. అందుకని కావలసినవాటికి గుర్తులు పెట్టి, ఫైల్ మెనూలో డౌన్‌లోడ్ స్క్రిప్ట్ తయారుచేయించి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అనంతపురం వచ్చి, నెట్ బాగున్న ఒక లినక్స్ ల్యాప్‌టాప్‌లో దాన్ని నడిపాం. డెబ్ ఫైళ్లన్నీ దిగాయి. తిరిగి తీసుకెళ్లి, అదే మెనూలో దించిన ప్యాకేజీలను చేర్చే అంశం నొక్కితే బుద్ధిగా ఎక్కాయి. నెట్ లేని ఊళ్లు కూడా భూమి మీద ఉంటాయని ఆలోచించి ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన పని అది. తర్వాత వచ్చిన అందమైన స్టోర్లలో ఒక్కటీ ఆ అంశాన్ని తనతో తెచ్చుకోలేదు.

మధ్యాహ్నం లెక్చరర్‌గారు వచ్చి వరసంతా తిరిగి చూశారు. ప్రోగ్రాములు నడుస్తున్నాయి, పిల్లలు నవ్వుతున్నారు. ఆయన సినాప్టిక్ కిటికీ ముందు ఆగి, కళ్లజోడు సర్దుకుని నన్ను పక్కకు పిలిచారు.

"బాగానే పనిచేస్తోంది సార్. కానీ వచ్చే నెల తనిఖీ టీం వస్తోంది, ఇది చూడ్డానికి మరీ పాతగా ఉంది. ఇదే పని చేసేది, కొంచెం మంచి డిజైన్ ఉన్నది ఇంకేదైనా దొరకదా?"