ఊరందరికీ ఒక్కటే జిరాక్స్

మా ఊర్ల ఒక కాగితం ఉన్నది. ఉత్సవ విగ్రహం లెక్క ఇంటింటికి తిరుగుతది. పైన "డైట్ చార్ట్" అని ఉంటది, కింద ఏమున్నదో ఎవ్వరికీ సక్కగ కనవడదు, ఎందుకంటే అది జిరాక్సుకు జిరాక్సు, దానికి ఫోన్ల ఫోటో, ఆ ఫోటోకు మళ్ళ నల్లగొండ క్లాక్ టవర్ కాడ ప్రింటు. పెద్దలు చెప్పే చరిత్ర ఏందంటే, ఏడెనిమిదేండ్ల కింద మా లారీ డ్రైవర్ బావకు హైదరాబాద్‌ల ఒక డైటీషియన్ రాసిచ్చిందట. అప్పుడు బావకు 40 ఏండ్లు, 92 కిలోలు, షుగరు కొత్తగ వచ్చింది, కిడ్నీలు గట్టిగున్నయ్, దినమంత స్టీరింగ్ ముందు కూసునుడే పని.

ఆయనొక్కడు ఫీజు కట్టిండు, ఊరంత వైద్యం చేస్కుంటున్నది. ఇంత గిట్టుబాటు ఏ సర్కారు పథకంల ఉంటది చెప్పున్రి. బీపీ ఉన్నోళ్ళకు అదే, థైరాయిడ్ పిల్లకు అదే, ఆఖరికి ఆరు నెలల కడుపుతోని ఉన్న కోడలికీ అదే. "అక్కా, ఇది బరువు తగ్గెటోళ్ళ కాగితం, కడుపుతోని ఉన్న పిల్లకేంది" అంటే, "ఆరోగ్యానికే గద రాసింది, విషమా ఏంది" అన్నది అక్క. మనం మూసుకోవాలె.

మొన్న మా మామకు స్టెంటు వేసి ఇంటికి పంపిన్రు. పలకరింపులకు వచ్చినోళ్ళంత బత్తాయిలే తెచ్చిన్రు, నల్లగొండ జిల్లల మనిషి మంచం మీద పడ్డడంటే తోటలోళ్ళకు పండుగే గదా. ఇంట్ల నడవ జాగ లేదు. అప్పుడు బయటికొచ్చింది కాగితం, మడత కాడ చినిగి, సెల్లోటేపు పచ్చగయ్యి. అందరు చుట్టు కూసున్నరు. ఉదయం 11 గంటలకు అనే లైన్ కాడికొచ్చి బండి ఆగింది. "ప" అని ఉన్నది, తర్వాత మడత, ఆ తర్వాత "1 కప్పు".

పాలు అన్నది అత్తమ్మ. పదకొండు గంటలకు పాలేంది, పప్పు అన్నడు పెద్దకాక. రిటైరైన తెలుగు సారు కండ్లద్దాలు తుడ్చుకొని, "ప" కింద ఒత్తు తోక లెక్క ఏదో కనవడ్తున్నది కాబట్టి పల్లీలు అయి ఉండాలె అని తేల్చిండు. మా తమ్ముడు ఫోన్ల ఫోటో తీసి వేళ్ళతోని పెద్దగ చేసి చూస్తే అది ఒత్తు గాదు, ఎప్పటిదో చాయ్ మరక. ఇగ పండ్లా పెసళ్ళా అని ఇంకో అర్ధగంట. ఇంత పెద్ద మనుషులకు, ఈ కాగితం ఎవరికి రాసిన్రు, మామకున్న రోగమేంది అన్న అనుమానం మాత్రం రాలే. డ్రైవర్ బావకు ఫోన్ చేస్తే ఆయన "ఏమో మామా, నేను నెల రోజులు గూడ తినలే" అన్నడు. ఆఖరికి ఎటుపోయి ఎటొచ్చినా మంచిదని మామకు పదకొండు గంటలకు పాలు, పప్పు, పల్లీలు, పండ్లు, అన్నీ ఒక్కొక్క కప్పు పెట్టుడని తీర్మానం అయ్యింది.

డైటీషియన్‌ను అడుగుదామంటే, "తినేటందుకు గూడ ఒకలను అడగాల్నా" అంటరు. బోరు పాయింటు కోసం అరచేతిల కొబ్బరికాయ పట్టుకొని చెల్కంత తిరిగెటాయనకు మాత్రం ముందుగాల పైసలిచ్చి, కోడిని కోసి పెట్టి, తర్వాత మాట్లాడ్తరు.

అసలు మన జిల్ల పేరు మీదనే "నల్లగొండ టెక్నిక్" అని ఒకటున్నది, ఫ్లోరైడ్ నీళ్ళల్ల సున్నం, పటిక కలిపి తేర్చే పద్ధతి. దాంట్ల గూడ పటిక ఎంత వెయ్యాలె అనేది అన్ని బాయిలకు ఒక్కటి గాదు, ఆ నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎంత, క్షారం ఎంత అని పరీక్ష చేసి లెక్క కడ్తరు. బాయికో లెక్క ఉన్న జిల్లల మనిషికి మాత్రం లెక్క లేదు.

ఇగ బస్టాండ్ కాడ ఎర్ర బనీన్లేసుకొని, బరువు మిషన్ పెట్టుకొని, షేక్ డబ్బాలు అమ్మే "వెల్‌నెస్ కోచ్"ల సంగతి ఏం చెప్పాలె. మొన్నటిదాంక చిట్టీలు నడిపిన తమ్ముడే ఇయ్యాల పొద్దుగాల న్యూట్రిషనిస్ట్ అయిండు. అవతల డైటీషియన్ అంటే ఆ సబ్జెక్టుల పీజీ చదివి, ఆసుపత్రిల ఇంటర్న్‌షిప్ చేసి, ఆర్.డి., అంటే రిజిస్టర్డ్ డైటీషియన్, అనేదానికి వేరే పరీక్ష రాసినోళ్ళు ఉంటరు. మనకేమో తార్నాకల జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది, 1958లనే కూనూరు నుంచి హైదరాబాద్‌కు వచ్చింది, 2017ల మన దేశం తిండి 528 రకాలు పరీక్ష చేసి, దేంట్ల ఏమున్నదో పుస్తకం ఏసింది. ఉంటే ఏం లాభం, వాళ్ళ కాగితం మీద చాయ్ మరక లేదాయె.

ఇందాంక నవ్వుకుంట చెప్పిన. మా చిన్నమ్మ కాడికొస్తే నాకు నవ్వు రాదు.

చిన్నమ్మకు పదిహేనేండ్ల షుగరు, కిడ్నీలు దెబ్బతిన్నయని డాక్టర్ చెప్పిండు. డిశ్చార్జి చీటీ మీద తిండి గురించి "రీనల్ డైట్" అని రెండు ముక్కలు రాసి చేతిల పెట్టిన్రు. కిడ్నీ రోగం ఉన్నోళ్ళ తిండి అని దానర్థమట. అది ఏ భాష, ఎవరికి తెలుస్తది? ఇంటికొచ్చినంక ఆ పాడు కాగితమే దిక్కయ్యింది. అన్నం బంద్, రెండు పూటలు జొన్నరొట్టె. మామూలు ఉప్పు బంద్, "తక్కువ సోడియం" ఉప్పు ప్యాకెట్. దినాం ఒక కొబ్బరిబొండం. మూడు వారాలు నిష్ఠగ, ఎవ్వరు చూడకున్నా తప్పకుండ చేసింది. నాలుగో వారం కాళ్ళు లేస్తలేవు అన్నది. రాత్రి అంబులెన్స్ల ఏసుకొని హైదరాబాద్ పోతే రక్తంల పొటాషియం 6.8 ఉన్నది. 5 దాటితేనే ఎక్కువ. గుండె ఏ నిమిషం ఆగుతదో తెల్వదన్నరు. ఆ ఉప్పుల సోడియం తగ్గించి దాని జాగల పొటాషియమే ఏస్తరు, కొబ్బరినీళ్ళ నిండ అదే, కిడ్నీ బాగలేనోళ్ళకు అది బయటికి పోదు. ఇంత ముచ్చట ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ముందుగాల చెప్తే ఏం పోయేదిరా మీ సొమ్ము? రెండు ముక్కలు రాసినోనికి మూడో ముక్క రాయ పెన్ను ఆడలేదా? "ఏం కాదు తాగు, బొండం సల్లగుంటది" అన్నోళ్ళల్ల ఒక్కరన్న ఐసీయూ బయట కూసున్నరా?

తర్వాత అక్కడి డైటీషియన్ పిల్ల కాడ కూసున్నం. పిల్లకు ఇరవై ఏడు ఇరవై ఎనిమిది ఉంటయేమో. మందుల సంగతి అడిగినంక, "అమ్మా, ఇంట్ల ఎవరు వండుతరు? రొట్టె ఎంత మందం చేస్తరు? మీ కూర గిన్నె ఎంతుంటది?" అని ముప్పావు గంట అడిగింది. ఉప్పు ప్యాకెట్ ఫోటో ఇంటి నుంచి తెప్పిచ్చుకొని వెనుక సన్న అక్షరాలు చదివింది. కూరగాయలు సన్నగ కోసి, మస్తు నీళ్ళల్ల ఉడకేసి, ఆ నీళ్ళు పారపోసి, అప్పుడు వండమన్నది. చిన్నమ్మ 52 కిలోలు, కిలోకు 0.6 నుంచి 0.8 గ్రాముల ప్రొటీన్ అని లెక్కేసి, పప్పు ఎంతో, గుడ్డు ఎన్నడో రాసింది. రేపు డయాలసిస్ మొదలైతే ఇదే మనిషికి కిలోకు 1 నుంచి 1.2 కావాలె, అప్పుడు ఈ కాగితం చింపేసి నా కాడికి రావాలె అన్నది. ఆఖరికి అన్నం తినమన్నది. కొలిచిన గిన్నెతోని, షుగరు మందు చూసుకొని, కానీ అన్నమే, ఎందుకంటే జొన్నలకంటే తెల్ల బియ్యంల పొటాషియం, ఫాస్ఫరస్ తక్కువట. మూడు వారాల సంది అన్నం మొఖం చూడని చిన్నమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకొని "నిజంగనా బిడ్డా" అన్నది.

పోయిన ఆదివారం ఊరికి పోయిన. చిన్నమ్మ మంచిగున్నది, గోడ కాడ కూసొని చిక్కుడుకాయ ఒలుస్తున్నది. కొత్త చార్ట్ ఏదే చిన్నమ్మా, ఒకసారి చూస్త అన్న.

"మీ పెద్దత్త పట్టుకపోయింది బిడ్డా, ఆమెకు బీపీ ఉన్నది గదా. ఈసారి కలర్ జిరాక్స్ తీపిస్తదట."