వెల్ప్‌కమ్!

మేనకోడలి హోంవర్కులో వేలు పెట్టడం నా మొదటి తప్పు. ఎడమవైపు జంతువులు, కుడివైపు వాటి పిల్లలు, గీత గీసి కలపాలి. మనకైతే ఈ బాధ లేదు. కుక్కపిల్ల, పిల్లిపిల్ల, కోడిపిల్ల. ఆవుకు దూడ, లేడికి కూన, ఏనుగుకు గున్న అని ఇంకో నాలుగు గుర్తుంటే పాసైపోతాం. ఇంగ్లీషువాడు మేకపిల్లను కిడ్ అంటాడు, హంసపిల్లను సిగ్నెట్ అంటాడు, పావురం పిల్లను స్క్వాబ్ అంటాడు. ఏనుగు, తిమింగలం దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయిందేమో, రెంటికీ ఆవుదూడ పేరే, కాఫ్, తగిలించేశాడు.

"మావయ్యా, మరి సింహం పిల్ల?"

"కబ్. వెల్ప్ అన్నా తప్పులేదు" అని డిక్షనరీ చూసి మరీ చెప్పాను. ఆ రెండోది నాలుక మీద అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఆఫీసులో ముగ్గురు ట్రైనీలు చేరారు. గ్రూపులో స్వాగతం రాసే పని నామీద పడింది. అందరిలాగే రాస్తే ఇక నేనెందుకు? మా మేనేజరుకు సింహమని పేరు. ఆ లెక్కన కొత్తవాళ్లు సింహం పిల్లలేగా! "వెల్కమ్ టు అవర్ త్రీ యంగ్ వెల్ప్స్" అని రాసి, పక్కన సింహం బొమ్మ పెట్టి పంపేశాను.

పది నిమిషాల్లో ట్రైనీ కుర్రాడొకడు ఫోను పట్టుకుని నా టేబుల్ దగ్గరికొచ్చాడు. స్క్రీను మీద వెల్ప్‌కి మొదటి అర్థం, కుక్కపిల్ల. రెండోది, చిన్నా పెద్దా చూడని తలపొగరు కుర్రాడు. అతని బొటనవేలి గోరు రెండోదాని కిందే ఉంది.

"సార్, మేమింకా సీట్లో కూడా కూర్చోలేదు" అన్నాడు.

వెంటనే తీసేసి, ముద్దుగా ఉంటుందని "పప్స్" అని మార్చాను. అదీ మిడిసిపడే కుర్రాళ్లకి పెట్టిన పేరేనట. కాఫ్ అందామంటే మొద్దబ్బాయి. స్క్వాబ్ అంటే పొట్టిగా లావుగా ఉన్నవాడు, ముగ్గురిలో ఒకడు సరిగ్గా అలాగే ఉన్నాడు, ఆ జోలికి పోలేదు. ఇక అమ్మాయి సంగతి. చిక్ అంటే ఏమవుతుందో నాకూ తెలుసు. చురుకైన ఆడ గుర్రప్పిల్ల కదా అని "ఫిల్లీ" టైపు చేస్తుంటే, వెనక నుంచి ఆ అమ్మాయే చూసింది. "సార్, నన్ను మనుషుల్లోనే ఉండనివ్వండి" అంది.

అసలు మన తిట్లలో ఒక న్యాయముంది. తిట్టాలంటే జంతువు ఎదిగి ఉండాలి. మా తాతయ్య నన్ను గాడిదా అన్నాడు, దున్నపోతా అన్నాడు, గాడిదపిల్లా అని మాత్రం ఏనాడూ అనలేదు. అంటే అది ముద్దు కిందికి వచ్చేస్తుంది. పిల్లకాకి లాంటివి ఒకటో రెండో తప్పిస్తే, పసికూనల్ని మనం తిట్లలోకి లాగం. వాళ్లకి ఆ జాలి ఉన్నట్టు లేదు.

చివరికి "కిడ్స్" అంటే అందరూ శాంతించారు. అదీ మేకపిల్లే. పిల్లల్ని అలా పిలవడం ఒకప్పుడు మోటుమాట. 17వ శతాబ్దంలో పిల్లల్ని ఎత్తుకెళ్లి అమెరికా తోటల్లో చాకిరీకి అమ్మేవాళ్లని కిడ్నాపర్లు అన్నదీ ఈ మాటతోనే. జనం నోళ్లలో నలిగి నలిగి ఇప్పటికి మర్యాద తెచ్చుకుంది. నాకింకా రాలేదు.

సాయంత్రం ఆ గోరు కుర్రాడి దగ్గర్నుంచి మెసేజ్: "సార్, యు ఆర్ ది గోట్."

డిక్షనరీ తీశాను. మేక. దాని కింద, ఆడవాళ్ల వెంటపడే మగవాడు. చెమట పట్టింది. ఫిల్లీ గుర్తొచ్చి ఇంకా పట్టింది. అతని దగ్గరికే పరుగెత్తాను.

"అయ్యో సార్, అది పొగడ్త! గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్, మొదటి అక్షరాలు" అన్నాడు, మొహంలో ఏ భావమూ లేకుండా.

థాంక్స్ చెప్పి వచ్చాను. అతని మొహం మాత్రం ఏ డిక్షనరీలోనూ దొరకలేదు.