బడి చూడబోతే కొళాయి తిప్పకండి

ఈ మధ్య తిరుపతిలో తల్లిదండ్రులకు ఒక చెడ్డ అలవాటు పట్టుకుంది. అడ్మిషన్‌కు ముందు బడి చూస్తామంటున్నారు. చూడొద్దని యాజమాన్యాలు ఎక్కడన్నాయి? రిసెప్షన్ చూడండి. సోఫాలో కూర్చోండి. ర్యాంకుల ఫ్లెక్సీలో ఒకే పిల్లాడు ఎన్ని చోట్ల నవ్వుతున్నాడో లెక్కపెట్టుకోండి. ఇంత చూపించినా తృప్తి లేక కొందరు మరుగుదొడ్డి ఎక్కడుందని అడుగుతున్నారు.

ఇదంతా లాడ్జీల వల్ల వచ్చిన చేటని నా అనుమానం. రైల్వే స్టేషన్ దగ్గర దిగిన భక్తుణ్ణి గమనించండి. ఉండేది ఒక్క రాత్రి, అందులో సగం కొండ మీద క్యూలోనే తెల్లారుతుంది. అయినా గది చూడందే అడ్వాన్స్ తియ్యడు. కొళాయి తిప్పుతాడు, ఫ్లష్ నొక్కుతాడు, దుప్పటి వాసన చూస్తాడు, వేడినీళ్లు ఎన్నింటికని నిలదీస్తాడు. నచ్చకపోతే పక్క లాడ్జికి పోతాడు. పిల్లల్ని పదేళ్లు వదిలే చోట అలా ప్రవర్తిస్తామా? మర్యాద అనేది ఒకటి ఏడ్చింది కదా!

మా బంధువులావిడ ఒకరు కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చాలని మొగుణ్ణి వెంటబెట్టుకుని ఒక బడికి వెళ్లింది. కౌన్సెలర్ అమ్మాయి పాపం స్మార్ట్ బోర్డు వేసి చూపించింది. అద్దాల బీరువాలో మైక్రోస్కోపు చూపించింది. దానికి ధర చీటీ ఇంకా అతుక్కునే ఉంది. "పిల్లలు ముట్టుకుంటే పాడైపోతుంది మేడమ్" అంది. సైన్సును ఇంత జాగ్రత్తగా కాపాడే బడి మనకింకెక్కడ దొరుకుతుంది?

ఈవిడ ఆగలేదు. గ్రౌండ్ ఎక్కడంది. "సెల్లార్‌లో మేడమ్, బస్సులు తీసేస్తే అదే గ్రౌండు." బస్సులు తీసేది పొద్దున పిల్లల్ని తేవడానికీ, సాయంత్రం దింపడానికీ. ఆ రెండు పూటలా పిల్లలు బస్సులోనే ఉంటారు. కాబట్టి ఆటల్లో దెబ్బలు తగిలే సమస్యే లేదు. మరి టాయిలెట్లు? "మూడున్నరకంతా ఇంటికి పంపించేస్తాం కదా మేడమ్!" చివరికి ఆవిడ వరండాలో ఉన్న కొళాయి తిప్పింది. గాలి వచ్చింది. ఏసీ క్యాంపస్ అని బ్రోచర్‌లో ముందే వేశారు.

తప్పు పూర్తిగా ఆవిడది కూడా కాదు. 2009 విద్యాహక్కు చట్టం ఇలాంటి వాళ్లను చెడగొట్టింది. బడికి ఆటస్థలం, లైబ్రరీ, తాగునీరు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలట. ప్రైమరీలో 30 మంది పిల్లలకొక టీచరట. పైగా ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే 11 అంకెల గుర్తింపు సంఖ్య, యూడైస్ కోడ్ ఒకటి. అది కొడితే టీచర్లెందరో, మరుగుదొడ్లెన్నో ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. బడి గుట్టు ఇలా బజారున పెట్టొచ్చా?

అసలు చూడాల్సింది మనం బడిని కాదు, బడి మనల్ని. అది మాత్రం అక్కడ పద్ధతిగా జరిగింది. పాపను ఇంగ్లీషులో ఐదు పండ్ల పేర్లు అడిగారు. నాలుగు చెప్పి, ఐదోది నేరేడు అంది. కౌన్సెలర్ ముఖం అదోలా పెట్టింది. తర్వాత తండ్రి వంతు. ఏం చదివారు, జీతమెంత, సొంతిల్లా బాడుగిల్లా? పిల్లల్నిగానీ తల్లిదండ్రుల్నిగానీ ఇలా వడపోయకూడదని అదే చట్టంలో 13వ సెక్షన్ ఉంది. మొదటిసారికి 25 వేల రూపాయల దాకా, తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. కానీ ఫిర్యాదు ఎవరిస్తారు? సీటొచ్చినవాళ్లు ఇవ్వరు. రానివాళ్లు పక్క బడిలో అవే ప్రశ్నలకు జవాబులు చెబుతుంటారు.

ఆయన ఎదురు ప్రశ్న వెయ్యలేదు. చెమటలు తుడుచుకుంటూ అన్నిటికీ జవాబులు చెప్పాడు, పాసయ్యాడు, "సీట్లు రెండే ఉన్నాయి సార్" అనగానే ఫోన్‌పే కొట్టేశాడు. రసీదు ఇంటికొచ్చాక చదివారు. ఒకసారి కట్టిన డబ్బు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదని అడుగున సన్నక్షరాల్లో ఉంది.