సవరణ: పేస్‌మేకర్ గురించి నేను తప్పుగా రాసినవి

ముప్పై రెండేళ్లకే పేస్‌మేకర్ (గుండె లయ తప్పకుండా చూసే చిన్న పరికరం) పెట్టించుకున్నాక రోజులు ఎలా గడుస్తున్నాయో పోయిన వారం రాశాను. అందులో "ఇక జన్మలో ఎంఆర్ఐ తీయించుకోకూడదు, ఇండక్షన్ స్టవ్ ముట్టకూడదు, బ్యాటరీ అయిపోతే మొదటి ఆపరేషన్ మొత్తం మళ్లీ చేయాలి" అన్నాను. ఈ మూడూ సరికాదు. చదివి భయపడ్డవాళ్లకు క్షమాపణలు.

ముఖ్యంగా ఎంఆర్ఐ సంగతి. ఇప్పుడు పెట్టే పేస్‌మేకర్లలో చాలావాటికి, కొన్ని షరతులతో ఎంఆర్ఐ తీయవచ్చు. చర్మం కింద ఉండే పేస్‌మేకర్ పెట్టె ఒక్కటే కాదు, దాన్నుంచి గుండెలోకి వెళ్లే తీగలు కూడా అందుకు తగినవై ఉండాలి. స్కాన్‌కు ముందు పేస్‌మేకర్ సెట్టింగ్ మార్చి, తర్వాత మళ్లీ సరిచేస్తారు. అందుకే ఆస్పత్రిలో ఇచ్చిన, పేస్‌మేకర్ వివరాలుండే కార్డు ఎప్పుడూ పర్సులో ఉండాలి. నాది బీరువాలో పడి ఉండేది, ఇప్పుడు ఫోటో కూడా తీసి పెట్టుకున్నాను.

ఇండక్షన్ స్టవ్‌కు రెండడుగుల దూరం పాటిస్తే చాలు. సెల్‌ఫోన్ మాత్రం చొక్కా జేబులో, పేస్‌మేకర్ మీద పెట్టుకోవద్దు. ఆరంగుళాలైనా ఎడం ఉండాలి.

బ్యాటరీ పెట్టెలోనే సీలు చేసి ఉంటుంది కాబట్టి పెట్టెనే మారుస్తారు. తీగలు బాగుంటే వాటినే ఉంచుతారు. చిన్న వయసులో పెట్టించుకున్నవాళ్లకు ఇది జీవితంలో చాలాసార్లు తప్పదు, ఆ టెన్షన్ నాకూ ఉంది. అయితే 1958లో స్వీడన్‌లో, శరీరం లోపల పేస్‌మేకర్ అమర్చిన తొలి మనిషి ఆర్నె లార్సన్ వయసు అప్పటికి 43. ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ ఆయన 86 ఏళ్లు బతికారు.