గెలిచినవాడి చేతికి తాడు

'వంద కొట్టు.. మేకను పట్టు'. దసరా దగ్గరపడితే తెలంగాణ పల్లెల్లో కొన్నేళ్లుగా కనిపిస్తున్న పిలుపు ఇది. వంద రూపాయలు పెట్టి టికెట్ కొంటే లక్కీడ్రాలో మొదటి బహుమతి మేక. ఆ తర్వాతి వరుసలో మద్యం సీసాలు, నాటుకోళ్లు, చీరలు. పోస్టర్ చూసి నవ్వుకుని, ఫోన్లో నలుగురికీ పంపి ఊరుకుంటున్నాం. సీసాకూ చీరకూ ఆకలిదప్పులు లేవు, మేకకూ కోడికీ ఉన్నాయి. అన్నింటినీ ఒకే జాబితాలో రాయడంలోనే తప్పు మొదలైంది.

డ్రా తీసే చోట నిలబడి చూడండి. స్తంభానికి మూరెడు తాడుతో కట్టేసిన మేక, మెడలో బంతిపూల దండ, పక్కనే పాటల హోరు. మేక మందలో బతికే జీవం. ఒంటరిగా కట్టేస్తే అదేపనిగా అరుస్తుంది. జాలిపడిన వారెవరో దోసిళ్లకొద్దీ బియ్యం పోస్తారు. ఆకూఅలమూ తిని నెమరేసే కడుపులో అలవాటు లేని గింజలు ఒక్కసారిగా పడితే ఆమ్లం పెరుగుతుంది, పొట్ట ఉబ్బుతుంది, ప్రాణమే పోవచ్చు. కాపరి ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. తాడు పట్టుకున్న నిర్వాహకుడికి తెలియదు.

మాంసం తినడంపై మాకు పేచీ లేదు. దసరాకు యాట తెగని ఊరు తెలంగాణలో అరుదు. మా అభ్యంతరం వేరు. సంతలో జీవాన్ని కొనేవాడు పళ్లు చూసి, నడుము పట్టి చూసి, అవసరమై కొంటాడు. వంద కాగితం ఇచ్చి చీటీ రాయించుకున్నవాడికి ఇంట్లో కొట్టం ఉందా, మేత ఉందా అని ఎవరూ అడగరు. ప్రభుత్వం గొర్రెలను పంచినప్పుడు యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇస్తూ బీమా కూడా పెట్టింది, అదీ గొల్లకురుమలకే ఇచ్చింది. ఆ పథకంపై వచ్చిన ఆరోపణల సంగతి అలా ఉంచితే, జీవాన్ని ఇచ్చేటప్పుడు తీసుకునేవాడెవరో చూడాలన్న ఇంగితం అందులో ఉంది.

1960 నాటి జంతుహింస నిరోధక చట్టం మూడో సెక్షన్ ప్రకారం జంతువు ఎవరి అధీనంలో ఉంటే దాని బాగోగులు వారి విధి. పొట్టి తాడుతో గంటల తరబడి కట్టేయడం, తిండీ నీరూ పెట్టకపోవడం 11వ సెక్షన్ కింద నేరాలు. మొదటి తప్పుకు జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు. ఎంత ఎక్కువ వేసినా లక్కీడ్రా టికెట్ ధరలో సగం! జల్లికట్టు కేసులో 2014లో సుప్రీంకోర్టు ఆకలి, దాహం, భయం, బాధల నుంచి జంతువులకు విముక్తి ఉండాలని గట్టిగా చెప్పింది. అయినా ఆ జరిమానా అంకె మారలేదు. జీవాలను బహుమతిగా పెట్టడాన్ని నేరుగా నిషేధించే సెక్షన్ కూడా మన చట్టంలో లేదు. స్కాట్లండ్ 2006లోనే, కుటుంబంలో ఇచ్చుకునేవి మినహా, గెలిచినవారికి జంతువులను బహుమతిగా ఇవ్వడాన్ని నేరం చేసింది. అదే ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో తెచ్చిన చట్టం పెద్దలు వెంట లేని 16 ఏళ్లలోపు పిల్లలకు అలా ఇవ్వకూడదంది.

పార్లమెంటు కదిలేదాకా ఆగనక్కర్లేదు. అనుమతి లేని లాటరీ ఎలాగూ నేరమే కాబట్టి పోలీసులు ముందే ఆపవచ్చు. కబడ్డీ పోటీలకూ జాతరలకూ అనుమతి ఇచ్చేటప్పుడు పొట్టేలు, కోడి వంటి జీవాలు బహుమతుల్లో ఉండరాదని అధికారులు ఒక్క షరతు రాస్తే చాలు. జిల్లాకో జంతుహింస నివారణ సంఘం ఉండాలని 2001 నిబంధనలు చెబుతున్నాయి. కాగితాల మీదున్న ఆ సంఘాలను కలెక్టర్లు వచ్చే దసరా టికెట్లు అచ్చుకు వెళ్లకముందే లేపి, ఊళ్లలోకి పంపాలి.