శృతి దించండి, పెద్దాయన్ని కాదు

డెబ్బై దాటిన బుర్రకథకుడు పై షడ్జం, అంటే పై స్థాయి 'స', అందక ఆగితే ముందు వరుసలోంచి జాలిగా ఒక మాట వినబడుతుంది: "ఇంక చాలించొచ్చు గదా!" బుర్రకథ నడక తెలిసినవాళ్లు అనే మాట కాదది.

1986లో పద్మశ్రీ అందుకున్న బుర్రకథకుడు షేక్ నాజర్ ఊరూరికీ చేర్చిన ఈ కళ ఒంటి గొంతుది కాదు. నడుమ కథకుడు, భుజాన తంబురా, బొటనవేలికి అందె. అటూ ఇటూ గుమ్మెటలనే చర్మవాద్యాలతో వంత పాడేవాళ్లు, అంటే వంతలు; ఒకరు రాజకీయం చెబుతారు, ఒకరు హాస్యం. కథకుడు పాదం విడవగానే వంతలు 'తందాన తాన' అని అందుకుంటారు. ఆ కాస్త వ్యవధే ఆయనకు ఊపిరి. నాలుగు పాదాలు ఏకబిగిన లాగే చోట రెండింటికే వంత పడేలా కట్టుకుంటే సగం బరువు దిగుతుంది. పై స్థాయి దగ్గర వంత ఒక పిసరు ముందే గొంతు కలపాలి. ఆలస్యమైందా, జీర బయటపడినట్టే.

వయసుతో స్వరతంత్రులు పలచబడతాయి, సరిగా మూసుకోవు, మధ్యలోంచి గాలి జారిపోతుంది. దమ్ము చాలకపోవడం, వణుకు అందుకే. బలవంతంగా అరిస్తే ఇంకా చెడుతుంది. మాటిమాటికీ గొంతు సకిలించినా అంతే, తంత్రులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. గుక్కెడు గోరువెచ్చని నీళ్లు మేలు.

నాలుగు శృతికి అలవాటైన గొంతు అంతకంటే కింది స్థాయి అయిన రెండున్నరకు దిగడం నామోషీ కాదు. అయితే తంబురా ఒక్కటీ దించి ఊరుకుంటే కుదరదు. సెగకు బాగా కాచి బిగించిన గుమ్మెట కింది శృతిలో కథకుడి మాటను మింగేస్తుంది. కాపు తగ్గించాలి, వాయింపూ తగ్గాలి. ముందే రికార్డు చేసిన ట్రాకు పెడితే ఈ వెసులుబాటే ఉండదు.

మైకు సంగతి మరీ అన్యాయం. గొంతు సన్నగిల్లిందని ఎకో పెంచుతారు. మాటలు ఒకదాని మీదొకటి పడి కథే అర్థం కాదు. ఎకో తీసేసి, మైకు నోటికి నాలుగంగుళాల్లో ఉంచి, ఒక స్పీకరు ఆయన వైపు తిప్పితే చాలు. తన గొంతు తనకు వినబడని మనిషి అరవక ఏం చేస్తాడు? ఏడింటికని పిలిచి, సన్మానాలూ ఉపన్యాసాలూ అయ్యాక పదకొండింటికి వేదికెక్కిస్తే ఏ వయసు గొంతైనా బిగుసుకుపోతుంది.

వీటన్నిటికంటే పెద్ద తప్పు మరొకటి ఉంది. ఖర్చు కలిసొస్తుందని పెద్దాయన ఒక్కడినే పిలిచి, శాలువా కప్పి, "ఒక్క చరణం" అంటారు. పక్కన వంతల్లేరు, గుమ్మెట లేదు, శృతి పెట్టేవాడు లేడు. ఊతకర్రలన్నీ లాగేసి, నడక తడబడిందని చప్పట్లతో ఓదార్చడమన్నమాట! వచనం చెప్పడంలో, విరుపులో, ఎక్కడ ఆగాలో తెలియడంలో ఆయన ఇప్పటికీ మొనగాడే. కానీ ఆ విరుపుకు 'ఆహా' అని ఊతమివ్వడానికి మనిషి కావాలి. పిలిస్తే ముగ్గురినీ పిలవండి, ముగ్గురికీ దారి ఖర్చులు, పారితోషికం ఇవ్వండి.