ఎంఎస్ ఉన్నవాళ్లు ఉక్కపోత ఊళ్లకు మారేముందు

మా అక్కకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే నాడీవ్యవస్థ జబ్బు నిర్ధారణ అయిన తొమ్మిదో ఏట, బావగారి ఉద్యోగం కారణంగా వాళ్లు చల్లటి పొడి ప్రాంతం వదిలి, ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోసే ఒక ఊరికి మారారు. వెళ్లిన రెండో వారంలో ఒక సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడిచివచ్చి మెట్లెక్కుతుండగా, మూడో మెట్టు మీద ఆమె కుడికాలి చెప్పు జారిపోయింది. వంగి తొడుక్కుంది, మరో రెండు మెట్లకే మళ్లీ జారింది. పాదం ముందుభాగం పైకి లేవడం లేదని, అందుకే చెప్పు నిలవడం లేదని అర్థమయ్యేసరికి మెట్ల అంచులు కూడా మసకబారాయి. లోపలికి వెళ్లి ఏసీ వేసుకుని, తడి తువ్వాలు మెడ చుట్టూ చుట్టుకుని కూర్చుంటే ముప్పావుగంటలో కాలు మాట వినడం మొదలుపెట్టింది. మర్నాడు సాయంత్రం అదే మెట్టు దగ్గర అదే జరిగింది.

ఊరు మారడానికి ముందు ఆమె అడిగిన ప్రశ్నకు వైద్యుడు ఒకే ఒక్క వాక్యంలో జవాబిచ్చారు: వేడి వల్ల జబ్బు ముదరదు, వచ్చే ఇబ్బందులు తాత్కాలికమే. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. నాడీవైద్యం ఈ విషయంలో చాలాకాలంగా చెబుతున్నది అదే. అయితే ఒక వేసవి గడపబోయే మనిషికి సరిపోయే ఆ జవాబు, కాపురం మార్చుకోబోయే మనిషికి సరిపోదని నా అభిప్రాయం. తాత్కాలికం అన్న మాట నిలబడాలంటే ఒళ్లు చల్లబడే వేళ అంటూ ఒకటి ఉండాలి. రాత్రి కూడా ఉక్క తగ్గని చోట ఆ వేళను మనిషే ఏర్పాటు చేసుకోవాలి. ఆ ఏర్పాటు రోజులో ఎన్ని గంటలు, ఎన్ని చోట్ల, ఎంత నమ్మకంగా దొరుకుతుందన్నదే అసలు ప్రశ్న.

వేడికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం వైద్యుల దృష్టికి వచ్చి వందేళ్లు దాటింది. జర్మన్ నేత్రవైద్యుడు విల్‌హెల్మ్ ఊథాఫ్, కొందరు రోగులకు శ్రమ చేసిన తర్వాత కాసేపు చూపు తగ్గడం గమనించి 1890లో నమోదు చేశాడు. ఆయన శ్రమే కారణమనుకున్నాడు. శ్రమ వల్ల ఒంట్లో పెరిగే వేడి అసలు కారణమని తర్వాతివాళ్లు తేల్చారు. ఎంఆర్ఐ స్కాన్లు అందుబాటులోకి రాకముందు, అనుమానం ఉన్న మనిషిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు బయటపడతాయేమో చూడడం ఒక పరీక్షగానే ఉండేది. ఈ జబ్బు ఉన్నవాళ్లలో 60 నుంచి 80 శాతం మంది వేడికి తమ లక్షణాలు పెరుగుతాయని చెబుతారు. ఒంటి లోపలి ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగితే చాలు, కొందరిలో తేడా కనిపిస్తుంది. జ్వరమని ఎవరూ అనుకోనంత చిన్న పెరుగుదల అది.

ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నాడీతంతువు చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. ఎంఎస్‌లో శరీరపు రక్షణ వ్యవస్థే దాన్ని అక్కడక్కడా దెబ్బతీస్తుంది. తొడుగు ఊడిన చోట విద్యుత్ సంకేతం లీకై బలహీనపడి, తర్వాతి మజిలీకి బొటాబొటీగా చేరుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే తంతువులోని సోడియం ద్వారాలు మరింత త్వరగా మూసుకుంటాయి; సంకేతం ఇంకా కురచదై, అంతకుముందు ఎలాగో దాటుతున్న చోట ఆగిపోతుంది. చల్లబడితే మళ్లీ దాటుతుంది. అంటే వేడి కొత్త గాయం చేయదు, పాత గాయం ఎక్కడుందో చూపిస్తుంది. మా అక్క చెప్పు జారిన కాలు, ఆరేళ్ల కిందట జబ్బు తిరగబెట్టినప్పుడు (దీన్నే రిలాప్స్ అంటారు) పడిపోయి కోలుకున్న కాలే.

కొత్త చోట మొదటి నెలల్లో అందరినీ కలవరపెట్టేది కూడా ఇక్కడే ఉంది. ఇది కొత్త రిలాప్సా, వేడి చేసిన పనా అన్నది ఎలా తెలుసుకోవాలి? జ్వరం గానీ ఇన్‌ఫెక్షన్ గానీ లేకుండా, కనీసం 24 గంటలపాటు నిలిచే కొత్త లక్షణాన్ని లేదా పాతదాని పెరుగుదలను రిలాప్స్‌గా వైద్యులు లెక్కిస్తారు. ఒళ్లు చల్లబడగానే తగ్గిపోయేది ఆ కోవలోకి రాదు. రిలాప్స్‌కు వాడే స్టెరాయిడ్లు దానికి ఇవ్వడం వల్ల ప్రయోజనం లేకపోగా, వాటి దుష్ప్రభావాలు మాత్రం మిగులుతాయి. చెప్పుకోవడానికి ఇంత తేలికైన ఈ గీత ఉక్కపోత ఊళ్లో చెరిగిపోతుంది. పగలంతా ఉక్క, రాత్రంతా ఉక్క అయితే లక్షణం 24 గంటలూ ఉంటుంది. అది జబ్బు పనో, వాతావరణం పనో తేల్చాలంటే ముందు చల్లటి గదిలో కొన్ని గంటలు గడిపి చూడాలి. ఆ సదుపాయం లేని ఇంట్లో ప్రతి సాయంత్రమూ భయంతోనే గడుస్తుంది.

ఇక ఎండనూ ఉక్కనూ ఒకే గాటన కట్టడం ఊరు మారేవాళ్లు చేసే అతి పెద్ద పొరపాటు. మనిషి ఒంటికి చల్లబడే ప్రధాన సాధనం చెమట కారడం కాదు, ఆరడం. లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని వెంట తీసుకుపోతుంది; కారి కింద పడితే ఏమీ తీసుకుపోదు. ఉదయం ఆరేసిన బట్టలు సాయంత్రానికి కూడా తడితడిగానే ఉండే ఊళ్లో చెమట కూడా అంతే, ఆరదు. తేమను లెక్కలోకి తీసుకునే తడి బల్బు ఉష్ణోగ్రతను చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది; అది పెరిగినకొద్దీ చెమట ఆరడం కష్టమవుతుంది. 40 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతమే ఉంటే ఆ కొలత సుమారు 23 డిగ్రీలు. 32 డిగ్రీల మబ్బు పట్టిన రోజున తేమ 80 శాతం ఉంటే సుమారు 29. రెండో ఊరే మెత్తనిదని వాతావరణ పట్టికల్లో గరిష్ఠ ఉష్ణోగ్రతల వరుస మాత్రమే చూసినవాళ్లకు అనిపిస్తుంది. అందుకే ఆ పట్టికల్లో చూడవలసినవి నెలవారీ తేమ, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత.

దీనికి తోడు, ఎంఎస్ ఉన్న కొందరిలో చెమట పట్టడమే తగ్గుతుంది. ఒంటి వేడిని అదుపుచేసే మెదడు భాగాలకు, వెన్నుపాములోని దారులకు గాయాలైనప్పుడు స్వేదగ్రంథులకు అందవలసిన ఆజ్ఞలు సరిగా అందవు. ఆరోగ్యవంతులు కొత్త వేడికి ఒకటి రెండు వారాల్లో అలవాటు పడతారు. ఆ అలవాటులో పెద్ద భాగం త్వరగా, ఎక్కువగా చెమట పట్టడమే. కాబట్టి ‘కొన్నాళ్లుంటే అదే అలవాటవుతుంది’ అని చుట్టుపక్కలవాళ్లు ప్రేమతోనే చెప్పినా, ఈ జబ్బున్న మనిషి దాని మీద పూర్తి భరోసా పెట్టుకోకూడదు. అలవాటు పడకపోతే అది పట్టుదల లేకపోవడం కాదు. ఆ మాట ఇంట్లోవాళ్లకు ముందే తెలిసి ఉండాలి.

వేడి కండరాలతో ఆగదు. బయటి ఉష్ణోగ్రత ఎక్కువగా ఉన్న రోజుల్లో ఎంఎస్ ఉన్నవాళ్ల జ్ఞాపకశక్తి, ఆలోచనల వేగం తగ్గుతున్నట్టు 2012లో ఒక పరిశోధన చూపింది. అమెరికాలో 2003 నుంచి 2017 వరకు రికార్డులు పరిశీలించిన మరో పరిశోధనలో, ఆ ప్రాంతపు దీర్ఘకాలిక సగటు కంటే 1.5 డిగ్రీలకు మించి వెచ్చగా ఉన్న నెలల్లో ఈ జబ్బుతో ఆస్పత్రులకు వచ్చేవారి సంఖ్య స్వల్పంగా పెరిగినట్టు తేలింది. ఆ పెరుగుదల చిన్నదే, భయపెట్టేది కాదు. ఉద్యోగం చేసే మనిషికి మొదటి అంశమే ముఖ్యమైనది. కాలు ఈడ్చుకుంటూ నడిస్తే పదిమందీ చూసి చేయి అందిస్తారు. మధ్యాహ్నం మూడింటికి ఒక లెక్క మూడుసార్లు చూసినా బుర్రకెక్కకపోతే మాత్రం బద్ధకమంటారు. కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడే బరువైన పని ఉదయానికి పెట్టుకునే వీలు అడగడం సిగ్గుపడవలసిన విషయం కాదు. ఒంటి ఉష్ణోగ్రత సహజంగానే తెల్లవారుజామున తక్కువగా ఉండి సాయంత్రానికి పెరుగుతుంది కనుక, ఆ అడగడానికి శరీరధర్మం అండగా ఉంది.

ఇల్లు వెతికేటప్పుడు ఈ మనిషికి వాతావరణం అంటే ఆ ఊరిది కాదు, పడకగదిది. నీళ్లు చల్లి గాలిని చల్లబరిచే కూలర్లు పొడి ఊళ్లలో అద్భుతంగా పనిచేస్తాయి. ఉక్కపోత ఊళ్లో గదిలోకి మరింత తేమను తోస్తాయి. ఫ్యాను చెమటను ఆరబెట్టగలిగినంతవరకే ఉపశమనం ఇస్తుంది. ఏసీ గాలిలోని తేమను కూడా లాగేస్తుంది కాబట్టి అది ఈ ఇంట్లో విలాసం కాదు, చేతికర్ర వంటి అవసరం. కరెంటు పోతే ఆ ఒక్క గదినైనా నడిపే ఏర్పాటు ఉందా, బస్సు దిగిన చోటి నుంచి గుమ్మం దాకా ఎంత నడక, ఎన్ని మెట్లు అన్నవి అద్దె మాట్లాడేముందే చూసుకోవాలి. మా అక్క చివరకు మారింది ఊరు కాదు, ఇల్లు: మేడ మీది వాటా వదిలి కింది వాటాకు వచ్చింది.

బయటికి వెళ్లక తప్పనప్పుడు ముందుగానే ఒంటిని చల్లబరచుకోవడం పనిచేస్తుంది. నడుము దాకా 16 డిగ్రీల నీళ్లలో అరగంట కూర్చున్నాక వ్యాయామం చేస్తే, వేడి పడని ఎంఎస్ రోగులు మరింత మెరుగ్గా చేయగలిగారని 2000లో వెలువడిన ఒక చిన్న అధ్యయనం చెప్పింది. వ్యాయామం మధ్యమధ్య చల్లటి నీళ్లు తాగినా ఓపిక పెరుగుతుందని 2018లో మరొకటి చూపింది. ఈ రెండోదానిలో ఒంటి లోపలి ఉష్ణోగ్రతలో తేడా రాకపోయినా ఫలితం కనిపించింది కాబట్టి, చల్లదనం తగిలిన అనుభూతికీ విలువ ఉందన్నమాట. వేడి భయంతో వ్యాయామం మానేయడం మాత్రం పెద్ద నష్టం. ఈతకొలనులో నీళ్లు 27 నుంచి 29 డిగ్రీల మధ్య ఉంటే చాలామందికి అది ఉక్కపోత ఊళ్లో కూడా హాయిగా సాగే వ్యాయామం.

నీళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఎవరూ పెద్దగా మాట్లాడని ఒక విషయం చెప్పాలి. ఎంఎస్‌లో మూత్రాశయం మీద పట్టు తప్పడం చాలా మామూలు. మరుగుదొడ్డి ఎక్కడుందో తెలియని కొత్త ఊళ్లో, బయటికి వెళ్లే రోజున నీళ్లు తాగడం తగ్గించేస్తారు. ఉక్కలో చెమట ద్వారా నీరు పోతుంటే, ఇటు తాగేది తగ్గితే ఒళ్లు ఎండిపోతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, దానివల్ల జ్వరం వస్తుంది, జ్వరం కాలునూ చూపునూ పడగొడుతుంది. వేడే కారణమనుకుని రోజుల తరబడి ఏసీలో కూర్చున్నవాళ్లలో అసలు కారణం ఈ ఇన్‌ఫెక్షనే కావచ్చు. పైగా మూత్రాశయం కోసం వాడే ఆక్సీబ్యూటినిన్ వంటి మందులు చెమటను తగ్గిస్తాయి. వేడి ప్రాంతంలో వాటితో వడదెబ్బ ముప్పు ఉంటుంది. ఊరు మారేముందు మందుల చీటీ మొత్తాన్ని ఈ ఒక్క కోణంలో వైద్యుడి చేత మళ్లీ చూపించుకోవాలి.

మిగిలిన మందుల సంగతీ అంతే. ఎంఎస్‌కు వాడే ఇంటర్‌ఫెరాన్ సూదులను సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కొన్ని మందులను కొద్దిరోజులు గది ఉష్ణోగ్రతలో ఉంచవచ్చని పెట్టె మీద ఉంటుంది గానీ, అక్కడ గది అంటే తరచుగా 25 డిగ్రీల గది. రక్షణ వ్యవస్థను అణచే మందులు వాడేవాళ్లకు పచ్చ జ్వరం (ఎల్లో ఫీవర్) టీకా వంటి సజీవ టీకాలు సాధారణంగా ఇవ్వరు; వెళ్లే చోట అది తప్పనిసరైతే మందు మొదలుపెట్టకముందే ఆ సంగతి తేల్చుకోవాలి. వెచ్చటి తడినేలల్లో ఉండే స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నని పురుగు ఒట్టి పాదాల చర్మం గుండా ఒంట్లోకి చేరి, ఏ లక్షణమూ చూపకుండా దశాబ్దాలు ఉండగలదు. రిలాప్స్‌కు ఇచ్చే స్టెరాయిడ్లతో అది ఒక్కసారిగా విజృంభించి ప్రాణాల మీదికి తేవచ్చు. రక్తపరీక్షతో గుర్తించి మందుతో వదిలించుకోగలిగినదే కాబట్టి, అలాంటి చోట ఉన్నవాళ్లు స్టెరాయిడ్లకు ముందు ఈ మాట వైద్యుడికి గుర్తుచేయడం మంచిది.

భూమధ్యరేఖకు దూరమైనకొద్దీ ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఎండ ఉన్న చోటికి వెళితే మేలు జరుగుతుందని కొందరు ఆశిస్తారు. ఆ తేడా జబ్బు వచ్చే అవకాశానికి సంబంధించినది. చిన్నతనంలో వలస వెళ్లినవారికి కొత్త ప్రాంతపు ముప్పు, పెద్దయ్యాక వెళ్లినవారికి చాలావరకు పాత ప్రాంతపు ముప్పు ఉన్నట్టు వలసల మీద జరిగిన పాత అధ్యయనాలు చూపాయి. జబ్బు వచ్చాక ఊరు మారితే తగ్గుతుందని వాటి అర్థం కాదు. అలాగని వెచ్చదనం అందరికీ శత్రువూ కాదు. చలికి కండరాలు బిగుసుకుపోయి మంచం దిగడమే కష్టమయ్యేవాళ్లున్నారు. వాళ్లకు వెచ్చటి గాలి నిజంగా ఊరట. పిల్లలో, తల్లిదండ్రులో, పూట గడిపే ఉద్యోగమో ఉన్న చోటికి వెళ్లడం అన్నిటికన్నా ముఖ్యమైనప్పుడు, వాతావరణం పేరు చెప్పి వద్దనే హక్కు ఎవరికీ లేదు.

వీలున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: అక్కడి అతి ఉక్కపోత నెలలో వెళ్లి కనీసం మూడు వారాలుండి చూడండి, హోటల్లో కాక మామూలు ఇంట్లో. రోజూ ఒకే దూరం నడిచి, ఇంటికొచ్చాక కాలూ చూపూ కుదుటపడడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసిపెట్టుకోండి. మా అక్క ఇప్పటికీ రాస్తుంది. మేడ మీద ఉన్నప్పుడు ఆ లెక్క 45 దగ్గర ఉండేది. కింది వాటాలో, నడక ఉదయానికి మార్చాక, 15కు దిగింది. పాత ఊళ్లోని వైద్యుడి దగ్గర ఆమె ఫైలు ఇంకా తెరిచే ఉంది.